పాప సూరత్‌లో, నేను కాజీపేటలో. బాగుందో లేదో ఎవరు చూసొస్తారు?

కాజీపేట_నాన్న | శుక్రవారం, రాత్రి 11:48

అందరికీ నమస్తే. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదటిసారి, పొడుగైతే తిట్టుకోకండి. 2022లో వరంగల్ ఫ్యామిలీ కోర్టులో మా ఇద్దరి ఇష్టం మీదే విడాకులయ్యాయి. పాపకు అప్పుడు అయిదేళ్లు, ఇప్పుడు ఎనిమిది, మూడో తరగతి. కస్టడీ తల్లికి. నాకు నెలలో రెండో శనివారం, ఆదివారం, దసరాకు పది రోజులు, ఎండాకాలం ఇరవై రోజులు. మూడేళ్లు పెద్ద గొడవ లేకుండానే నడిచింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

జూన్‌లో ఆమె పాపను తీసుకుని సూరత్‌లో వాళ్లన్న దగ్గరికి పోయింది. పది రోజుల్లో వస్తాం అంది. ఆగస్టులో నేను ఫీజు కట్టడానికి స్కూలుకు పోతే, టీసీ ఎప్పుడో తీసుకెళ్లారు కదా సార్ అన్నారు. అప్పటినుంచి ఫోన్లే. మొదట రోజూ, తర్వాత వారానికి ఒకటి, ఇప్పుడు అదీ లేదు. అడిగితే "నీకేం పని" అని పెట్టేస్తోంది.

మొన్న మంగళవారం పొద్దున పదిన్నరకు పాపే వీడియో కాల్ చేసింది. వాళ్ల మామ పాత ఫోన్ ఒకటి ఇంట్లో ఉంటుందట, దాన్నుంచి. గుసగుసగా మాట్లాడుతోంది. బడికి పోలేదా బిడ్డా అంటే పోలేదంది. ఎడమ చేతి మీద, మణికట్టుకు పైన, కాలిన మచ్చ, దాని మీద పసుపు పూసి ఉంది. ఏమైంది అంటే చాయ్ వేడి చేసుకుంటుంటే ఒలికింది అంది. ఎవరూ లేరా, పక్కింట్లో ఆంటీని పిలువు అంటే, "తలుపుకు బయటనుంచి తాళం ఉంది నాన్నా, అమ్మకు చెప్పకు" అంది. వెనక గోడకు మేకుకి స్కూలు బ్యాగు వేలాడుతోంది, నేను ఇక్కడ కొనిచ్చిన పసుపు రంగు బ్యాగే.

ఆ రోజునుంచి నిద్ర లేదు. వాళ్లన్న తాగుతాడు, అది నా పెళ్లిలోనే చూశాను. ఇక్కడ పోలీస్ స్టేషన్‌కి పోతే గుజరాత్ మా పరిధి కాదు, కోర్టుకు పోండి అన్నారు. కోర్టు అంటే ఎన్ని నెలలు? ఈలోపు పాప సంగతి? తెలిసినవాళ్లు చెప్పండి.

పోచమ్మమైదాన్_బ్రో | రాత్రి 11:59

అన్నా ఇంత ఆలోచన ఎందుకు, నవజీవన్ రైలు ఎక్కితే మర్నాటికి సూరత్‌లో ఉంటావ్. పాప చెయ్యి పట్టుకుని తీసుకొచ్చెయ్. కన్నతండ్రివి, నిన్ను ఆపేదెవడు.

అదాలత్_వకీలు | శనివారం, ఉదయం 6:20

పై సలహా మాత్రం పొరపాటున కూడా పాటించకండి. కస్టడీ తల్లికి అని మీ విడాకుల డిక్రీలోనే ఉంది. బలవంతంగా తెస్తే అది కోర్టు ధిక్కారం, ఆమె కిడ్నాప్ కేసు కూడా పెట్టగలదు. అది నిలబడుతుందా లేదా అన్నది తర్వాతి మాట, ముందు మీరు సూరత్‌లో ఏదో ఒక స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుంటారు, పాప అదంతా చూస్తూ ఉంటుంది. రేపు మీరు న్యాయంగా ఏం అడిగినా అవతలి వకీలు లేచి మొదట చెప్పేది ఆ సంగతే. ఇట్లాంటి కేసులు నా చేతుల మీదే రెండు పాడయ్యాయి, రెండింట్లోనూ తండ్రులు మంచివాళ్లే.

డిక్రీ కాపీ తీసి ఒక్కటి చూడండి. పాపను రాష్ట్రం దాటించాలంటే కోర్టుకు చెప్పాలి అనే వాక్యం ఎక్కడైనా ఉందా? అది చూసి చెప్తే కోర్టు సంగతి మాట్లాడదాం.

మానేరు_అక్క | ఉదయం 7:05

తమ్ముడూ, నేను కరీంనగర్‌లో పిల్లల సంరక్షణ పనిలో పదేళ్లు చేశాను. నువ్వు రెండు ప్రశ్నలు కలిపి అడుగుతున్నావు. పాప ఈ రోజు క్షేమంగా ఉందా అనేది ఒకటి, పాప ఎవరి దగ్గర ఉండాలి అనేది ఇంకోటి. రెండోదానికి కోర్టు. మొదటిదానికి కోర్టు అక్కర్లేదు, కాని అది సూరత్ వాళ్లే చెయ్యాలి, వరంగల్ నుంచి ఎవరూ పోయి తలుపు కొట్టరు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098 అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే, ఇక్కడినుంచి చేస్తే మామూలుగా మన రాష్ట్రం కంట్రోల్ రూముకే పోతుంది. 2023 నుంచి దాన్ని ఎమర్జెన్సీ నంబర్ 112తో కలిపి రాష్ట్రాల వాళ్లే నడుపుతున్నారు. చెయ్యి, తప్పకుండా చెయ్యి, సూరత్ కేసు అని చెప్పి రిఫరెన్స్ నంబర్ అడిగి రాసుకో. కాని దాని మీదే కూర్చోవద్దు. ప్రతి జిల్లాకూ ఒక బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది, డీసీపీయూ అంటారు. ఇంకోటి బాలల సంక్షేమ సమితి, సీడబ్ల్యూసీ. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 కింద ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు, మేజిస్ట్రేటు అధికారాలు ఉంటాయి. సూరత్‌లో ఈ రెండింటికీ నేరుగా ఈమెయిల్ పంపు, అదే కాగితం స్పీడ్ పోస్టులో కూడా పంపు. అక్కడి లోకల్ పోలీస్ స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి అని ఒకరు ఉండాలి, చట్టంలో 107వ సెక్షన్. ఆయన పేరుమీద కూడా ఒక కాపీ.

ఇక ఏం రాయాలి. ఇక్కడే అందరూ చెడగొట్టుకుంటారు. తల్లి ఎట్లాంటిదో, మీ పెళ్లిలో ఏమైందో, మామ తాగుడు, ఇవన్నీ రాస్తే చదివేవాళ్లు "భార్యాభర్తల తగాదా" అని పక్కన పెడతారు, నేనే పెట్టాను చాలాసార్లు. ఫలానా తేదీ, పదిన్నరకు, వీడియో కాల్‌లో ఇది చూశాను, పాప ఈ మాటలు అంది, అంతే. ఎనిమిదేళ్ల పిల్ల, బయటనుంచి తాళం, లోపల గ్యాస్ పొయ్యి, చేతిమీద కాలిన గాయం, బడి లేదు. ఈ ముక్కలు చాలు, ఎవరూ పక్కన పెట్టలేరు.

కాజీపేట_నాన్న | ఉదయం 8:30

అక్కా థాంక్స్. 1098కి ఇప్పుడే చేశాను, నంబర్ ఇచ్చారు. కాని నాకు ఇల్లు తెలియదు. లింబాయత్ ఏరియా అంటారు, అంతే. ఆ కాల్ రికార్డు లేదు, స్క్రీన్‌షాట్ ఒకటి తీశాను. మళ్లీ చేస్తే మామ కొట్టాడా, తిండి పెడుతున్నారా అని అడిగి రికార్డు చేయనా? వకీలు సార్, డిక్రీలో రాష్ట్రం దాటే సంగతి ఏమీ లేదు.

మానేరు_అక్క | ఉదయం 8:41

వద్దు! "మామ కొట్టాడా" అని అడగనే అడగొద్దు. పిల్లలు మనం ఏం వినాలనుకుంటున్నామో పసిగట్టి అదే చెప్తారు, తర్వాత అసలు కొట్టినా ఎవరూ నమ్మరు. పొద్దున ఏం తిన్నావు, ఇవాళ ఏం చేశావు అని అడుగు, వాళ్లే చెప్తారు. పెట్టేశాక డైరీలో తేదీ, టైమ్, పాప అన్న మాట అన్నట్టు రాసిపెట్టుకో. ముందు ఇంకోటి చెప్పు: పొయ్యి ముట్టుకోకు బిడ్డా, ఏదన్నా అయితే కిటికీ దగ్గర గట్టిగా అరువు అని.

సూరత్_మగ్గం | ఉదయం 9:15

నేను పరకాల వాడిని, పద్దెనిమిదేళ్లుగా సూరత్‌లో. వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక మా నాన్న భీవండి పోయాడు, నేను ఇటొచ్చాను. లింబాయత్ నిండా మనవాళ్లే, మార్కెట్లో నిలబడి అన్నా అని పిలిస్తే పది మంది తిరుగుతారు. మీ బావమరిది పేరు గీరు ఇక్కడ రాయకండి, నాకు మెసేజ్ పెట్టండి, ఇల్లు కనుక్కోవడం కష్టం కాదు. కాని నేను పోయి తొంగి చూసి మీకు రిపోర్టులు మాత్రం ఇవ్వను, ఇక్కడ నాలుగు కాలాలు బతకాలి.

కొన్ని సంగతులు చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. ఇక్కడ మగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు. ఆడవాళ్లు ఎంబ్రాయిడరీ, చీరల మడత, స్టోన్ వర్క్. పిల్లలను ఇంట్లో పెట్టి తాళం వేసుకుని పోవడం ఈ గల్లీల్లో నేను రోజూ చూస్తాను. తప్పే, ప్రమాదమే, కాని కసాయితనం కాదు, సందులో పోయే వాళ్ల భయంతో వేస్తారు. ఇంకోటి, ఇక్కడి కార్పొరేషన్ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది, అవి చాలావరకు రెండు షిఫ్టులు. పాపది మధ్యాహ్నం షిఫ్టేమో, పదిన్నరకు ఇంట్లో ఉండటం వల్లనే బడి లేదనుకోకండి, బడి సంగతి బడిలో అడగండి.

దసరా గురించి కూడా. ఇక్కడ మనలాగ బతుకమ్మ, దసరా కలిపి రెండు వారాల సెలవులు ఉండవు. గుజరాత్‌లో పెద్ద సెలవులు దీపావళికే, మూడు వారాలు ఇస్తారు. మీ కోర్టు కాగితం వరంగల్ క్యాలెండర్ చూసి రాసింది, అది ఇక్కడ సరిపోదు.

భీమారం_తల్లి | ఉదయం 10:02

నేను అవతలి వైపునుంచి చెప్తాను. మా ఆయన, అంటే మాజీ, నా మీద ఇట్లాగే ఫిర్యాదు చేశాడు. రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు పోలీసులు వచ్చి తలుపు కొట్టారు, బాబు మంచం కింద దూరాడు, రెండేళ్లయినా ఇప్పటికీ కాలింగ్ బెల్ మోగితే నా వెనక నిలబడతాడు. అదే నెలలో ఇంకో మేడమ్ పగటిపూట వచ్చింది, చీరలో, చాయ్ తాగింది, బాబు నోట్‌బుక్‌లు చూసింది, వంటింట్లో బియ్యం డబ్బా కూడా చూసే పోయింది, నాకు తెలుసు. ఆమె మీద నాకు కోపం రాలేదు. కాబట్టి మీ లెటర్‌లో పగటిపూట, యూనిఫామ్ లేకుండా, వీలైతే తెలుగు వచ్చిన వాళ్లు పోవాలని రాయండి.

ఒకటి అడుగుతాను. ఆమె పోయినప్పటినుంచి పాపకు మెయింటెనెన్స్ పంపుతున్నారా?

కాజీపేట_నాన్న | ఉదయం 11:30

పంపట్లేదు. నాలుగు నెలలు. చెప్పకుండా పోయిందన్న కోపంతో ఆపేశాను. నెలకు 8 వేలు.

భీమారం_తల్లి | ఉదయం 11:34

మరి ఆమె డ్యూటీకి ఎందుకు పోతోందో ఇప్పుడైనా తెలిసిందా.

పోచమ్మమైదాన్_బ్రో | ఉదయం 11:36

అక్కా పడిపోయినవాణ్ణి తన్నకు.

అదాలత్_వకీలు | మధ్యాహ్నం 1:10

తన్నడం కాదు, ఆమె అడిగిందే జడ్జి కూడా అడుగుతారు. ఈ రోజే మొత్తం 32 వేలు బ్యాంకు ద్వారా వేయండి, రసీదు దాచండి. పాపను చూపించట్లేదని డబ్బు ఆపడం, డబ్బు రావట్లేదని పాపను ఆపడం, రెండూ కోర్టు దగ్గర చెల్లవు. ఆ డబ్బు పాపది.

ఇప్పుడు కోర్టు సంగతి. కొత్తగా కస్టడీ కోసం గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కేసు వేస్తే పాప మామూలుగా ఉండే చోటే వేయాలి, 9వ సెక్షన్, అంటే సూరత్ వెళ్లాలి. ఆమె అక్కడ ఇంకా స్థిరపడలేదని వాదించొచ్చు గాని ఆ వాదనకే ఏడాది పోతుంది. దానికంటే, మీకు డిక్రీ ఇచ్చిన కోర్టు వరంగల్‌లోనే ఉంది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద, డిక్రీ తర్వాత కూడా పిల్లల కస్టడీ, చదువు, పోషణ గురించిన ఆర్డర్లను అదే కోర్టు మార్చొచ్చు. ఇక్కడే వేయండి. దాంతోపాటు మధ్యంతర అప్లికేషన్ ఒకటి: రోజూ వీడియో కాల్, పాప చిరునామా, స్కూలు వివరాలు చెప్పాలని, సెలవులు గుజరాత్ క్యాలెండర్ ప్రకారం మార్చాలని. ఆ మగ్గం అన్న చెప్పింది బంగారం లాంటి పాయింటు, నాకు తట్టలేదు.

వీడియో కాల్ విషయంలో సుప్రీం కోర్టు యషిత సాహు కేసులో, 2020లో, స్పష్టంగా చెప్పింది: ప్రత్యేక కారణం లేకపోతే కస్టడీ లేని తల్లి గాని తండ్రి గాని రోజూ అయిదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని. ఆ పేరా మీ వకీలుకు చూపించండి. ఆమె కేసును గుజరాత్‌కు మార్చమని సుప్రీం కోర్టుకు పోవచ్చు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్, ఆడవాళ్ల ఇబ్బంది చూసి చాలాసార్లు ఇస్తారు కూడా. అందుకే మొదటి వాయిదాలోనే మీరు మెత్తగా ఉండండి.

హెబియస్ కార్పస్, అంటే బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని వేసే పిటిషన్, వేయమని ఎవరైనా చెప్తే తల ఊపి ఊరుకోండి. కస్టడీ విషయంలో అది అసలు కుదరదని కాదు, 2019లో తేజస్విని గౌడ్ కేసులో కుదురుతుందన్నారు, కాని బిడ్డను తమ దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం అయినప్పుడు. మీ దగ్గర కస్టడీ ఆర్డరే ఆమె పేరు మీద ఉంది. ఖర్చు భయమైతే 15100కి చేయండి, లీగల్ సర్వీసెస్ వాళ్ల నంబర్. పిల్లలకు ఉచిత న్యాయ సహాయం ఆదాయంతో పనిలేకుండా వస్తుంది.

పోచమ్మమైదాన్_బ్రో | మధ్యాహ్నం 1:22

సార్ ఇవన్నీ నెలల పని. మామ మీద ఒక పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పడేస్తే రెండు గంటల్లో తలుపు తెరుచుకుంటుంది. మా బస్తీలో ఒకాయన అట్లాగే చేశాడు.

మానేరు_అక్క | మధ్యాహ్నం 1:40

బాబూ, ఆ మాట తుడిచెయ్యి. నిజంగా అట్లాంటి అనుమానం ఉంటే చెప్పకుండా దాచడమే నేరం, పోక్సో 19, 21 సెక్షన్లు, దేశంలో ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ చేస్తారు, కొత్త క్రిమినల్ చట్టం బీఎన్ఎస్ఎస్ వచ్చాక అది రాతపూర్వకంగానే ఉంది. అనుమానం లేకుండా, ఒకరిని బెదిరించడానికి పెడితే 22వ సెక్షన్ కింద పెట్టినవాడికే శిక్ష. అదంతా పక్కన పెట్టు. ఆ కేసులో పాపను డాక్టర్ ముందు కూర్చోబెట్టాలి, మేజిస్ట్రేట్ ముందు కూర్చోబెట్టాలి, ఏమీ జరగని పిల్లతో ఆ ప్రశ్నలన్నీ అడగాలి. నేను పక్కన కూర్చున్నాను అట్లాంటి గదిలో. ఆ పిల్ల గౌను అంచు పీకుతూనే ఉంది, దారాలన్నీ ఊడిపోయేదాకా.

పోచమ్మమైదాన్_బ్రో | మధ్యాహ్నం 1:52

తప్పైంది అక్కా.

రిటైర్డ్_హెచ్ఎం_నర్సంపేట | సాయంత్రం 4:15

ముప్పై మూడేళ్లు బడిలో పనిచేశాను. కొత్త బడి హెడ్‌మాస్టరుకు ఒక మర్యాదైన ఉత్తరం రాయండి. నేను తండ్రిని, కస్టడీ తల్లిదే, తీసుకుపోవడానికి రావట్లేదు, హాజరు, ఆరోగ్యం తెలిస్తే చాలు అని. డిక్రీ జిరాక్స్ జతచేయండి. మూడో వాక్యం ముఖ్యం, తండ్రి ఉత్తరం చూడగానే మా టీచర్లకు వచ్చే మొదటి భయం గేటు దగ్గర గొడవ. టీసీ ఇచ్చిన పాత బడిలో ఏ బడికి అని రాసుకుని ఉండొచ్చు, అడగండి.

కాజీపేట_నాన్న | పదమూడు రోజుల తర్వాత, రాత్రి 10:20

అందరికీ ఆలస్యంగా చెప్తున్నందుకు సారీ. డబ్బు ఆ రోజే వేశాను. మగ్గం అన్న చిరునామా తెప్పించి ఇచ్చాడు, ఎట్లా అని అడగలేదు. డీసీపీయూకి, సీడబ్ల్యూసీకి మెయిల్ పంపాను, అక్క చెప్పినట్టు ఒక్క పేజీ. నాలుగు రోజులు ఏమీ లేదు. అయిదో రోజు అక్కడినుంచి ఒక మేడమ్ ఫోన్, హిందీలో. నాది మన హిందీ, ఆమెది గుజరాత్ హిందీ, ఎట్లాగో నడిచింది. తర్వాత ఇంటికి పోయింది, పొద్దున పదకొండుకు.

తాళం నిజమే. తల్లి ఏడున్నరకు పోతే పాప పన్నెండుదాకా ఒక్కతే, తర్వాత కింది ఇంటి ఆమె తాళం తీసి బడికి పంపుతుంది. మధ్యాహ్నం షిఫ్టు, మగ్గం అన్న చెప్పినట్టే. బడి మానలేదు, ఆ రోజు ఒక్కరోజు చెయ్యి మంటకు పోలేదట. గాయం చాయ్‌దే, డాక్టరుకు చూపించలేదు, ఆ మేడమే తీసుకెళ్లి చూపించింది. మామ తాగుతాడు గాని ఆ ఇంట్లో ఉండటమే తక్కువ, నైట్ షిఫ్టు అయ్యాక రూములోనే పడుకుంటాడట వేరే చోట. అంటే నేను అనుకున్నదాంట్లో సగం నిజం, సగం నా మంట.

కమిటీ ముందుకు తల్లిని పిలిచారు. తాళం వెయ్యను, పొద్దున కింది ఇంటి ఆమె దగ్గర ఉంచుతాను అని రాసిచ్చింది. పదిహేను రోజులకోసారి వచ్చి చూస్తామన్నారు. నన్ను తిడుతుందనుకున్నా. ఫోన్ చేసి "నాకే చెప్పొచ్చు కదా" అంది. ఫోన్ చేస్తే ఎత్తావా అన్నాను. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

వరంగల్‌లో పిటిషన్ వేశాం, వాయిదా వచ్చే నెల. కాని ఆమె ఈలోపే ఒప్పుకుంది, రాత్రి ఏడున్నరకు రోజూ వీడియో కాల్. నిన్న పాప బతుకమ్మ చూపించింది, అక్కడ తంగేడు దొరకలేదట, అంతా బంతిపూలే, మధ్యలో ఒక్క గుమ్మడిపువ్వు. చేతిమీద కట్టు లేదు, చర్మం గులాబీ రంగులో ఉంది.

దీపావళి సెలవులకు పది రోజులు నాతో పంపిస్తానంది.

మానేరు_అక్క | రాత్రి 10:31

పాప నిన్ను నమ్మి చెప్పింది "అమ్మకు చెప్పకు" అని. అది ఎట్లా తెలిసిందో అమ్మకు నువ్వే సర్దిచెప్పాలి, పిల్ల మీదికి రాకుండా. అది మర్చిపోకు.

కాజీపేట_నాన్న | రాత్రి 10:36

స్క్రీన్‌షాట్‌లో చెయ్యి చూశాను, నేనే గుచ్చి గుచ్చి అడిగాను అని చెప్పాను అక్కా.

అదాలత్_వకీలు | రాత్రి 10:50

పంపే ముందు ఆమెతో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి, ఫలానా తేదీనుంచి ఫలానా తేదీదాకా తండ్రితో పంపుతున్నాను అని. తిరుగు టికెట్ కూడా ముందే తీసి ఆమెకు ఫోటో పంపండి. చెప్పిన రోజు, చెప్పిన రైలు, ఒక్క పూట కూడా అటుఇటు కావద్దు. వాయిదా రోజున ఇద్దరి మాట ఒక్కటే అయితే జడ్జి అదే ఆర్డర్‌లో పెట్టేస్తారు, నాలాంటి వాడికి పని తక్కువ.

కాజీపేట_నాన్న | రాత్రి 11:02

నవజీవన్ వెయిటింగ్ 60 దాటింది సార్, దీపావళి రద్దీ. పాపకు హాఫ్ టికెట్ చాలా?

సూరత్_మగ్గం | రాత్రి 11:08

బెర్త్ కావాలంటే ఎనిమిదేళ్లకైనా ఫుల్ టికెట్టే అన్నా. హాఫ్ తీస్తే నీ బెర్త్‌లోనే పడుకోవాలి.

పోచమ్మమైదాన్_బ్రో | రాత్రి 11:10

స్లీపర్ తత్కాల్ ముందురోజు పొద్దున పదకొండుకు తెరుస్తారు. మా షాపులో నెట్ స్పీడ్ బాగుంటది, నేను కూర్చుంటా అన్నా. తేదీ చెప్పు.